పిరమిడ్లు కట్టేనాటికి మామత్‌లు బతికే ఉన్నాయా?

మీరు అడిగినవి మూడు సంగతులు. ఈజిప్టులో పిరమిడ్లు కడుతున్న రోజుల్లో, ఏనుగులకు బంధువులై ఇప్పుడు అంతరించిపోయిన మామత్‌లు బతికే ఉన్నాయని ఒక వీడియోలో చూశారు, అది నిజమేనా? అలా నాగరికతల కాలం దాకా నిలిచి ఆ తరవాత అంతరించిన జంతువులు ఇంకేమున్నాయి? మన దేశంలో అలాంటివి ఏవైనా ఉండేవా? ఏడో తరగతి చదువుతున్న మీ అమ్మాయి ప్రాజెక్టు చార్టు కోసమన్నారు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను. తవ్వకాల్లో బయటపడే జంతువుల ఎముకలను గుర్తించే పనిలో చాలాకాలం ఉన్నవాణ్ని. ఈ ప్రశ్న వింటే నాకు ఉత్సాహం వస్తుంది, దానితోపాటు ఇంటర్నెట్‌లో తిరిగే బొమ్మలు చూస్తే చిరాకు వస్తుంది.

మొదటిదానికి జవాబు: నిజమే. కానీ ఆ వీడియోలో మామత్‌ల చేత బండరాళ్లు లాగిస్తున్నట్టు చూపించారన్నారే, అది మాత్రం శుద్ధ కల్పన. ఒకే కాలంలో బతకడం వేరు, ఒకరి కంట ఒకరు పడటం వేరు. ఈ తేడా పట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

యూరప్, సైబీరియా, ఉత్తర అమెరికా గడ్డి మైదానాల్లో తిరిగిన ఉన్ని మామత్‌లు మంచుయుగం ముగిశాక, సుమారు 10,000 సంవత్సరాల క్రితానికి, ప్రధాన భూభాగంలో దాదాపుగా కనుమరుగయ్యాయి. చాలాకాలం వాటి కథ అక్కడితో అయిపోయిందనే అందరూ అనుకున్నారు. 1993లో వర్తన్యాన్, గారుట్, షెర్ అనే ముగ్గురు రష్యా శాస్త్రవేత్తలు రాంగెల్ దీవిలో దొరికిన మామత్ పళ్ల వయసు ప్రకటించేసరికి లెక్క తారుమారైంది. సైబీరియా ఈశాన్య కొసన, చుకోత్కా తీరానికి ఉత్తరాన ఆర్కిటిక్ సముద్రంలో ఉంటుందీ దీవి. వైశాల్యం సుమారు 7,600 చదరపు కిలోమీటర్లు, అంటే పాత నిజామాబాద్ జిల్లా కన్నా కాస్త చిన్నది. మంచు కరిగి సముద్రమట్టం పెరగడంతో సుమారు 10,000 సంవత్సరాల క్రితం అది ప్రధాన భూభాగం నుంచి తెగిపోయింది. దాని మీద చిక్కుకున్న మామత్‌లు మరో 6,000 ఏళ్లు బతికాయి. చివరివి పోయింది సుమారు 4,000 సంవత్సరాల క్రితం.

ఇప్పుడు దీన్ని పిరమిడ్ల పక్కన పెట్టండి. సక్కారాలోని జోసెర్ మెట్ల పిరమిడ్ క్రీ.పూ. 2650 ప్రాంతానిది. గీజాలోని ఖుఫు మహా పిరమిడ్ క్రీ.పూ. 2560 ప్రాంతానిది. రాంగెల్ మామత్‌లు ఆ తరవాత మరో ఐదు శతాబ్దాలకు పైగా ఉన్నాయి. ఈజిప్టు దాకా ఎందుకు, మన మొహెంజొదారో, హరప్పాలు నిండుగా ఉన్న కాలం క్రీ.పూ. 2600 నుంచి 1900 వరకు. చివరి మామత్ కన్నుమూసేనాటికి మొహెంజొదారో వీధుల్లో ఎడ్లబండ్లు తిరుగుతూనే ఉన్నాయి. వీడియోలు చేసేవాళ్లు ఈ మాట ఎందుకు చెప్పరో నాకు తెలియదు.

తేదీల గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. కొన్నిచోట్ల మామత్‌లు క్రీ.పూ. 1700 దాకా ఉన్నాయని రాసి ఉంటుంది. ఆ పొరపాటుకు కారణం రేడియోకార్బన్ లెక్క. జీవి బతికున్నంతకాలం గాలిలోని కార్బన్ ఆహారం ద్వారా ఒంట్లోకి చేరుతూ ఉంటుంది. చచ్చిన క్షణం నుంచి అందులోని కార్బన్-14 తరిగిపోతూ, 5,730 ఏళ్లకు సగమవుతుంది. ఎముకలో ఎంత మిగిలిందో కొలిస్తే వయసు తెలుస్తుంది. అయితే గాలిలో కార్బన్-14 పాళ్లు అన్ని యుగాల్లోనూ ఒకేలా లేవు కాబట్టి, వచ్చిన సంఖ్యను చెట్ల వలయాలతో సరిపోల్చి క్యాలెండర్ సంవత్సరాల్లోకి మార్చాలి. కొలతలో 3,700 అని వస్తే, సరిచేశాక అది 4,000 దాటుతుంది. పైగా ఈ లెక్కలో ‘ఇప్పుడు’ అంటే 1950వ సంవత్సరం అని ఒప్పందం. సరిచేయని సంఖ్యలోంచి నేరుగా 1950 తీసేసి క్రీ.పూ. అని రాసేస్తే మూడు వందల ఏళ్లు తేడా వస్తుంది. మీ అమ్మాయి చార్టులో ‘సుమారు 4,000 సంవత్సరాల క్రితం’ అని రాయడమే క్షేమం.

మొదట్లో ఆ దీవిలో దొరికిన పళ్లు చిన్నవిగా ఉండటంతో అవి మరుగుజ్జు మామత్‌లని ప్రచారమైంది. తరవాత దొరికిన ఎముకలు చూశాక ఆ మాట వెనక్కి తీసుకున్నారు. ఈ పన్ను ఒకసారి దగ్గరగా చూడవలసిందే. ఏనుగు జాతుల దవడపన్ను నిలువుగా పేర్చిన పలకల కట్టలా ఉంటుంది. ఒక్కో పలక చుట్టూ ఎనామిల్ అంచు, పలకల మధ్య సిమెంటు లాంటి పదార్థం. నమిలే కొద్దీ మెత్తని భాగం అరిగి, ఎనామిల్ అంచులు అడ్డగీతల్లా పైకి తేలతాయి. ఉన్ని మామత్ చివరి దవడపన్నులో ఇలాంటి పలకలు ఇరవైకి పైనే ఉంటాయి, చాలా దగ్గరదగ్గరగా, పలుచని ఎనామిల్‌తో. ఇసుక, దుమ్ము అంటిన గరుకు గడ్డిని జీవితాంతం నమలడానికి తయారైన పన్ను అది. చేత్తో తడిమితే గీతలు తెలుస్తాయి.

2024లో వచ్చిన జన్యు అధ్యయనం రాంగెల్ కథకు మరో ముడి వేసింది. ఆ దీవి మామత్‌లన్నీ మహా అయితే ఎనిమిది జంతువుల సంతతట. ఇరవై తరాల్లో అవి రెండు, మూడు వందలకు పెరిగి, ఆ తరవాత వేల ఏళ్లు అదే సంఖ్య దగ్గర నిలకడగా ఉన్నాయి. దగ్గరి బంధువుల కలయిక వల్ల జన్యులోపాలు ఉన్నమాట నిజమే గాని, వాటివల్ల మెల్లగా క్షీణించి పోయాయనడానికి ఆధారం కనిపించలేదు. ఉన్నట్టుండి పోయాయి. రోగమా, వరసగా వచ్చిన చెడ్డ చలికాలాలా అన్నది ఇంకా తేలలేదు. మనుషులు చంపేశారా అంటే, ఆ దీవిలో ఇప్పటిదాకా దొరికిన మొట్టమొదటి మానవ జాడ చెర్తోవ్ ఒవ్రాగ్ అనే చోట, సుమారు 3,600 ఏళ్ల నాటిది. అప్పటికి మామత్‌లు పోయి కొన్ని శతాబ్దాలైంది. అక్కడి మనుషులు హార్పూన్లనే తాడు కట్టిన ఈటెలతో సముద్ర జంతువులను వేటాడేవాళ్లు.

కారణం తేలిన దీవి ఇంకొకటుంది. అలాస్కాకు పడమర, బేరింగ్ సముద్రంలోని సెయింట్ పాల్ దీవిలో మామత్‌లు సుమారు 5,600 సంవత్సరాల క్రితం దాకా ఉన్నాయి. 1787లో రష్యా ఓడలు వచ్చేదాకా అక్కడ మనుషుల ఆనవాలే లేదు, కాబట్టి వేట అన్న అనుమానానికి తావు లేదు. అక్కడి ఒక మడుగు అడుగున పొరలుపొరలుగా పేరుకున్న బురదను గొట్టంతో తీసి పరీక్షించారు. మామత్ డీఎన్ఏ, పెద్ద జంతువుల పేడ మీద పెరిగే బూజు బీజాలు ఒక పొర దాకా ఉండి, ఆ పైన మాయమయ్యాయి. అదే సమయంలో మడుగు లోతు తగ్గి, నీళ్లు ఉప్పెక్కాయి. సముద్రం పెరిగి దీవి కుంచించుకుపోతే, ఉన్న కొద్దిపాటి మంచినీళ్ల దగ్గరికే మామత్‌లన్నీ చేరి, చుట్టూ ఉన్న గట్టంతా తొక్కేసి, పూడిక ఇంకా పెంచాయి. ఏనుగంత జంతువుకు రోజుకు వంద, నూటయాభై లీటర్ల నీళ్లు కావాలి. అవి దాహంతో చచ్చిపోయాయి.

ప్రధాన భూభాగంలో కూడా మామత్‌లు చాలాకాలం మిగిలాయని 2021లో ఒక వాదన వచ్చింది. సైబీరియాలోని తైమీర్ ప్రాంతపు మట్టిలో దొరికిన డీఎన్ఏను బట్టి అక్కడ 3,900 ఏళ్ల క్రితం దాకా ఉన్నాయన్నారు. చలిప్రాంతంలో వేల ఏళ్ల నాటి కళేబరాలు గడ్డకట్టి ఉంటాయి, అవి కరిగి కొత్త మట్టిలో కలిస్తే డీఎన్ఏ కూడా కలుస్తుంది కదా అని మరికొందరు అభ్యంతరం చెప్పారు. నేను అభ్యంతరం చెప్పినవాళ్ల పక్షమే. ఆ కాలపు ఎముక ఒక్కటైనా చేతికి దొరికేదాకా చార్టులో పెట్టవద్దు.

ఇక ‘ఈజిప్టు వాళ్లు మామత్‌ను చూశారు, సమాధిలో బొమ్మ కూడా వేసుకున్నారు’ అన్న ప్రచారం. దీనికి మూలం ఉంది, చాలా ఆసక్తికరమైన మూలం. లక్సర్ దగ్గర, నైలు నది పడమటి గట్టున రెఖ్మిరే అనే మహామంత్రి సమాధి ఉంది. ఈజిప్టు రాజు మూడవ థుట్మోస్ కాలంవాడు, క్రీ.పూ. 1450 ప్రాంతం. సమాధి గోడ మీద పరదేశాల వాళ్లు కప్పాలు తెస్తున్న దృశ్యం వరసలు వరసలుగా చిత్రించారు. ఈజిప్టుకు దక్షిణాన ఉన్న నూబియా వాళ్లు జిరాఫీని తోలుకొస్తుంటే దాని మెడ మీద కోతి ఎగబాకుతూ ఉంటుంది. సిరియా వాళ్ల వరసలో గుర్రాలు, ఒక ఎలుగుబంటి, దానితోపాటు ఒక ఏనుగు. ఆ ఏనుగు పక్కనున్న మనిషి నడుము ఎత్తుకు మించదు. పిల్ల ఏనుగు అనుకుందామంటే దంతాలు పెద్దవి. నెత్తి ఎత్తుగా ఉంది, ఒంటి మీద వెంట్రుకల్లాంటి గీతలున్నాయి. 1994లో బరూక్ రోజెన్ అనే పరిశోధకుడు ఇది మరుగుజ్జు మామత్ అయి ఉండవచ్చా అని ఒక చిన్న ప్రశ్న వేశాడు. రాంగెల్ వార్త అప్పుడే వచ్చింది మరి. ఆయన ప్రశ్నగా వేసినదాన్ని ఇంటర్నెట్ తీర్పుగా మార్చేసింది.

పొట్టి ఏనుగుకు మరో అభ్యర్థి కూడా ఉంది. గ్రీసుకు చెందిన టిలోస్ దీవిలోని ఖర్కాదియో గుహలో మరుగుజ్జు ఏనుగుల ఎముకలు దొరికాయి. అవి సుమారు 4,000 ఏళ్ల క్రితం దాకా ఉన్నాయని ఒకప్పుడు రాసేవాళ్లు. ఆ తేదీల మీద ఇప్పుడు చాలామందికి నమ్మకం లేదు.

నా అభిప్రాయం ఇది. అది సిరియా ఏనుగే. ఆ రోజుల్లో సిరియా నదీ లోయల్లో నిజంగానే ఏనుగులు తిరిగేవి. మన అడవుల్లోని ఆసియా ఏనుగు జాతికి పడమటి కొస అది. ఆ థుట్మోస్ రాజే నియ్ అనే చోట దంతాల కోసం 120 ఏనుగులను వేటాడాడని, వాటిలో అతి పెద్దదాని ‘చేయి’ తానే నరికానని అమెనెమ్‌హెబ్ అనే సేనాని తన సమాధిలో రాయించుకున్నాడు. చేయి అంటే తొండమే. రాజుకు కప్పంగా ఏనుగు రావడం ఆ కాలానికి వింత కాదు. గోడ మీద వరస ఎత్తు ఇంతే అని గీసుకున్నాక ఏనుగును అందులో ఇమడ్చాలి కాబట్టి చిత్రకారుడు పొట్టిగా వేశాడు, ఏనుగని తెలియడానికి దంతాలు పెట్టాడు. ఈజిప్టు చిత్రాల్లో ఆకారపు కొలతలు వాస్తవానికి కట్టుబడవు. రాంగెల్ దీవి నుంచి వచ్చిందనాలంటే, చివరి మామత్ పోయిన ఐదు వందల ఏళ్లకు, వేల కిలోమీటర్ల అవతలికి ఒకటి ప్రాణంతో నడిచి రావాలి.

నిజానికి మీ అమ్మాయి చార్టుకు సిరియా ఏనుగు మంచి బొమ్మ. దాన్ని రాజులు చూశారు, వేటాడారు, రాయించుకున్నారు. క్రీ.పూ. 1100 ప్రాంతంలో అసిరియా రాజు మొదటి తిగ్లత్ పిలేసర్ పది ఏనుగులను చంపి, నాలుగింటిని ప్రాణాలతో పట్టుకున్నానని శాసనంలో గొప్పలు చెప్పుకున్నాడు. క్రీ.పూ. 700 ప్రాంతానికల్లా అక్కడ ఏనుగు లేదు. ఎలా పోయిందో ఆ శాసనాలే చెబుతున్నాయి.

మనుషులతో ముఖాముఖి బతికి, చరిత్ర పుస్తకాల్లోకి నడిచి వచ్చిన మంచుయుగపు జంతువు మరొకటి ఆరాక్స్. ఇప్పటి పశువులకు మూలపురుషుడైన అడవి ఎద్దు. ఫ్రాన్సులోని లాస్కో గుహల్లో ఆదిమానవులు గోడల మీద వేసిన బొమ్మల్లో కనిపించేది ఇదే. పెద్ద ఎద్దు భుజం దగ్గరే ఆరడుగుల ఎత్తుండేది. జర్మనీ అడవుల్లోని వీటి గురించి జూలియస్ సీజర్ రాస్తూ ఏనుగు కన్నా కాస్త చిన్నవన్నాడు, అది అతిశయోక్తే అయినా చూసినవాడికి కలిగిన భయం తెలుస్తుంది. చివరి మంద పోలండ్‌లోని యక్తొరూవ్ అడవిలో మిగిలింది. రాజుగారి రక్షణలో ఉండేది. కాపలా కాసే గ్రామస్థులకు పన్ను మినహాయింపు ఇచ్చేవాళ్లు. 1564లో లెక్కపెడితే 38 ఉన్నాయి. 1620లో ఆఖరి ఎద్దు పోయింది. దాని కొమ్ముకు లోహపు తొడుగులు వేసి చేసిన వేటబూర ఇప్పటికీ స్టాక్‌హోమ్‌లోని రాజాయుధాగారంలో ఉంది. 1627లో ఆఖరి ఆవు కూడా పోయింది. మన చార్మినార్ కట్టింది 1591లో. అంటే చార్మినార్ లేచేనాటికి ఈ జంతువు ఇంకా భూమి మీద ఉంది. మంచుయుగపు జంతువులు అనగానే ఎక్కడో యుగాల అవతల అనుకునేవాళ్లకు నేను ముందు చెప్పే ఉదాహరణ ఇదే.

దీంతో మీ మూడో ప్రశ్నకు వచ్చేశాం. ఆరాక్స్‌కు మన దేశంలోనూ ఒక శాఖ ఉండేది. మూపురం ఉన్న మన పశువులు, ఒంగోలు గిత్తతో సహా, ఆ భారతీయ ఆరాక్స్ సంతతే. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో సుమారు 8,000 ఏళ్ల క్రితం దాన్ని మచ్చిక చేయడం మొదలైంది. అడవి ఎద్దు మాత్రం ఆ తరవాత కూడా చాలాకాలం ఉంది. కర్ణాటకలోని బనహళ్లి ఎముకలు సుమారు 4,200 ఏళ్లవి, అంటే సింధు నగరాల కాలానివి. సరిగ్గా ఆ రోజుల్లోనే కృష్ణా, తుంగభద్ర ప్రాంతాల్లో పశువుల మందలు మేపుకునే నవీన శిలాయుగపు వాళ్లు ఉండేవాళ్లు. వాళ్లు మిగిల్చిపోయిన బూడిద దిబ్బలు అనంతపురం జిల్లా పాలవాయిలోనూ, పాత మహబూబ్‌నగర్ జిల్లా ఊట్నూరులోనూ ఉన్నాయి. ఊట్నూరులో తవ్విన రేమండ్ ఆల్చిన్‌కు బూడిద పొరల మధ్య పశువుల గిట్టల ముద్రలు కనిపించాయి. దిబ్బ అంటే మరేదో కాదు, దొడ్డిలో పేరుకున్న పేడను పదేపదే కాల్చగా మిగిలిన బూడిద అని ఆయన తేల్చాడు. చార్టులో భారతదేశం గడిలో మీ అమ్మాయి పెట్టవలసింది ఈ ఎద్దునే.

అంతకు మించి మన దగ్గర పెద్ద జాబితా రాదు. దానికి కారణం చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు తవ్వకాలు జరిపారు. తరవాత ఆధునిక పద్ధతుల్లో మళ్లీ తవ్వి 2014లో ఫలితాలు ప్రచురించారు. గుహ పొరల్లో గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో 20 ఇప్పటికీ భారత ఉపఖండంలో బతికే ఉన్నాయి. రెండు లక్షల ఏళ్ల చరిత్రలో పోయింది ఒక్కటే, ఇప్పుడు ఇథియోపియాలో మాత్రమే మిగిలిన జెలడా కోతికి దగ్గరి బంధువు. యూరప్, అమెరికాలు తమ పెద్ద జంతువులను పోగొట్టుకుంటుంటే, ఏనుగు, పులి, దుప్పి, అడవిదున్న ఇక్కడ నిలిచాయి. అంతరించిన జంతువు కోసం వెతికేవాళ్లకు ఇది నిరాశే గాని, నాకు మాత్రం ఇదే అసలు వార్త.

మిగతావి త్వరగా చెబుతాను. క్యూబా దీవిలో నేల మీద తిరిగే పెద్ద స్లాత్‌లు (ఇప్పుడు చెట్ల మీద మెల్లగా కదిలే స్లాత్‌ల బంధువులు) నాలుగు వేల ఏళ్ల క్రితం దాకా ఉన్నాయి, అమెరికా ఖండంలో వాటి బంధువులు పోయిన ఎన్నో వేల ఏళ్ల తరవాత. వనవాటు దీవుల్లో కొమ్ములున్న పెద్ద తాబేళ్లను సుమారు 2,800 ఏళ్ల క్రితం వచ్చిన లపీటా ప్రజలు తినేశారు, చెత్తకుప్పలో ఎక్కువగా కాళ్ల ఎముకలే దొరికాయి. చైనా తొలి చక్రవర్తి నానమ్మ జియా సమాధిలో ఒక గిబ్బన్ (తోకలేని చిన్న వానరం) పుర్రె దొరికింది. ఇప్పుడెక్కడా లేని జాతి అది, 2018లో దానికి పేరు పెట్టారు. మడగాస్కర్ ఏనుగు పక్షులు సుమారు వెయ్యేళ్ల క్రితం దాకా ఉన్నాయి. న్యూజీలాండ్‌లో మోవా అనే రెక్కల్లేని మహాపక్షులు మావోరీలు వచ్చిన కొద్ది తరాల్లోనే, 1440 ప్రాంతానికి అంతరించాయి. ఓరుగల్లులో రుద్రమదేవి పాలించిన 1262–1289 నాటికి అవి న్యూజీలాండ్ అడవుల్లో హాయిగా ఉన్నాయి. భారీ కొమ్ముల ఐరిష్ దుప్పి పడమటి సైబీరియాలో 7,700 ఏళ్ల క్రితం దాకా ఉంది, నగరాలింకా పుట్టలేదు గాని మెహర్‌గఢ్‌లో అప్పటికే వ్యవసాయం సాగుతోంది.

ఈ పేర్లలో ఎన్ని దీవులున్నాయో చూడండి. మామత్, స్లాత్, తాబేలు, మోవా, ఏనుగు పక్షి. ప్రధాన భూభాగంలో మనిషి, మారిన వాతావరణం కలిసి ముందే ముగించిన జాతులు, మనిషి ఇంకా అడుగుపెట్టని దీవుల్లో మిగిలాయి. అందుకే నాగరికతలతో ఒకే కాలంలో ఉన్న వాటిలో చాలా భాగం ఏ నాగరికత కంటా పడలేదు. పడ్డవి ఏనుగు, ఎద్దు, గిబ్బన్ లాంటివి. వాటికే శాసనాలు, సమాధులు మిగిలాయి.

మీరు అడగకపోయినా ఇంకొకటి, ఎందుకంటే తరవాతి వీడియో ఇదే వస్తుంది. కంబోడియాలోని తా ప్రోమ్ ఆలయంలో స్టెగోసారస్ (వీపు మీద పలకలున్న డైనోసార్) శిల్పం ఉందని, మన గుళ్లలోని యాళి శిల్పాలు కూడా డైనోసార్లేనని తిప్పుతున్నారు. తా ప్రోమ్ 1186 నాటిది. ఆ జంతువు వీపు వెనక పలకల్లా కనిపించేవి చుట్టూ నింపిన ఆకుల అలంకారం. తలకు చెవులున్నాయి, స్టెగోసారస్‌కు తోక చివర ఉండవలసిన ముళ్లు లేవు. డైనోసార్ అసలు ఎలా ఉండేదో అమ్మాయికి చూపించాలంటే హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంకు తీసుకెళ్లండి. ఆదిలాబాద్ ప్రాంతంలోని యమన్‌పల్లిలో దొరికిన కోటసారస్ అస్థిపంజరం నిలబెట్టి ఉంది.

చార్టు సంగతి. ఒక మీటరు కాగితం తీసుకుని, కుడి అంచును ఇవాళ అనుకుని, సెంటీమీటరుకు వందేళ్ల చొప్పున గుర్తులు పెట్టించండి. ఆఖరి ఆరాక్స్ 4వ సెంటీమీటరు దగ్గర, మోవా 6 దగ్గర, సిరియా ఏనుగు 27 దగ్గర, రెఖ్మిరే సమాధి 35 దగ్గర, రాంగెల్ మామత్ 40 దగ్గర, ఖుఫు పిరమిడ్ 46 దగ్గర వస్తాయి. మొహెంజొదారోకు 39 నుంచి 46 దాకా ఒక పట్టీ గీయించండి. సెయింట్ పాల్ మామత్ 56, ఐరిష్ దుప్పి 77. డైనోసార్ పెట్టమని ఎవరైనా అడిగితే, ఇదే కొలతలో దాని చోటు కాగితానికి 6.6 కిలోమీటర్ల అవతల ఉంటుందని అమ్మాయి చేతే చెప్పించండి. టిలోస్ ఏనుగు, తైమీర్ మామత్ పెట్టాలని ముచ్చటపడితే చుక్కల గీతతో పెట్టి, పక్కన ప్రశ్నార్థకం వేయమనండి.